ఏడు మేకులు

ఆదివారం, రాత్రి పది కావస్తోంది.

ఈ పోర్షన్‌లో దిగి ఇవాళ్టికి పదిహేను రోజులు. అట్టపెట్టెలు విప్పడం నిన్నటితో అయింది. ఇవాళ గోడల సంగతి చూద్దామని పొద్దున్నే కొంగు దోపాను.

హైదరాబాదు మోతీనగర్‌లో రెండో అంతస్తు, సింగిల్ బెడ్‌రూం. అద్దె 9,500. రెండు నెలల అడ్వాన్సు, సామాను తెచ్చిన ట్రాలీ కిరాయి పోగా, ఇల్లు అందంగా సర్దుకోవడానికని మా ఇద్దరి లెక్కలో ఈ నెల మిగిలింది 1,500. దాంట్లోనే చెయ్యాలి.

తాళాలు ఇచ్చిన రోజు ఓనర్ ఆంటీ ఒకే మాట చెప్పింది. "మిగతాదంత మీ ఇష్టం బిడ్డా. గోడలకు కొత్త మేకులు మాత్రం కొట్టకుర్రి. ఉన్నయి గదా, గవాటికే తగిలిచ్చుకోర్రి." ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. పాత ఇల్లు, సున్నం మీద డిస్టెంపర్ వేసిన గోడలు, మేకు దింపితే పెచ్చులు లేచిపోతాయి. పోనీ అంటించే హుక్కులు పెడదామా అంటే అవీ నిలవవు. ఈ గోడకి అరచెయ్యి రాస్తే తెల్లగా పొడి అంటుకుంటుంది. హుక్కు జిగురు పట్టుకునేది ఆ పొడినే, గోడని కాదు. మొదటి వారంలోనే ఓ రాత్రి అద్దం హుక్కుతో సహా ఊడి ఠప్పున పడింది. ప్లాస్టిక్ అద్దం కాబట్టి బతికిపోయింది.

అందుకని ఇవాళ ముందు చేసిన పని, ఇంట్లో ఉన్న మేకులు లెక్కపెట్టడం. ఏడు ఉన్నాయి. హాల్లో పెద్ద గోడకి రెండు, దేవుడి గూటి పక్కన ఒకటి, వంటింట్లో రెండు, పడగ్గదిలో ఒకటి. ఏడోది వీధి తలుపు పక్కన, మోకాలి కంటే కాస్త పైన ఉంది. ఇవి కాక, పీకేసిన మేకుల చిల్లులు మరో నాలుగైదు కనపడ్డాయి. వాటిని ఎవరో టూత్‌పేస్టుతో పూడ్చారు. వెలుతురు పక్కగా పడితే చుక్కలు చుక్కలుగా నున్నగా మెరుస్తున్నాయి. ఇల్లు ఖాళీ చేసేముందు ఆ చిల్లుల్లో వేలితో పేస్టు అదిమిన మనిషి ఎవరో నాకు తెలీదు. నాకు మాత్రం ఆవిడ మీద ఇష్టం కలిగింది.

దేవుడి గూటి పక్క మేకు క్యాలెండర్‌దే. దారం ఊగి ఊగి గోడ మీద సన్నగా అర్ధచంద్రం గీసింది. మా క్యాలెండరూ అక్కడికే వెళ్లింది. వంటింటి మేకులకి జల్లెడా, అట్లకాడా. మోకాలి దగ్గర మేకెందుకో అర్థం కాక, మెట్లు ఊడుస్తున్న ఆంటీని అడిగాను. "గదా? ముందు కిరాయికున్నోళ్ల పిలగాడు ఇస్కూలు బ్యాగు తగిలిచ్చెటోడు. వానికి అందాలె గద" అంది. ఆ మేకుకి కూరల సంచీ తగిలించాను.

తొమ్మిదింటికి ఇద్దరం ఎర్రగడ్డ ఆదివారం సంతకి నడిచి వెళ్లాం. పాత కుర్చీలు, తలుపు రెక్కలు, విడి చక్రాలు, బట్టల గుట్టలు, ఏది కావాలన్నా దొరుకుతుంది, ఓపిగ్గా వంగి వెతుక్కోవాలి. ఓ టేకు ముక్కాలి పీట కనిపించింది. 300 చెప్పాడు, 180కి ఇచ్చాడు. రంగు పొక్కులు లేచి ఉంది, కానీ కాళ్లు గట్టివి. నేను ఎక్కి నిలబడి చూసి మరీ తీసుకున్నాను. కొట్టిన రంగు చూసి సామాను కొనకూడదు, కీళ్లు కదిపి చూడాలని నాన్న చెప్పేవాడు. ఎమరీ పేపరు పెట్టి గంటసేపు రుద్దితే కింద గోధుమరంగు చెక్క బయటపడింది. ఇంక దానికి ఏ రంగూ వెయ్యబుద్ధి కాలేదు, నాలుగు చుక్కల కొబ్బరినూనె గుడ్డతో రుద్ది వదిలేశాను.

వచ్చేదారిలో రెండు మట్టి కుండలు తీసుకున్నాం. మా బందరు వైపు ఎర్రమన్ను అంటాం, ఇక్కడ కిరాణా కొట్లో జాజు అంటారు. ఇరవై రూపాయల జాజు నీళ్లలో కలిపి కుండలకి పూసి, ఆరాక ముగ్గుపిండి పలచగా తడిపి అగ్గిపుల్లతో చుక్కలు పెట్టాను. పక్కింటామె మనీప్లాంట్ తీగలు రెండు తుంచి ఇచ్చింది. ఆమెకి ఓ గిన్నెడు పులిహోర ఇచ్చాను.

కిటికీకి అమ్మ పాత నూలు చీర. చీరని నిలువుగా కోస్తే అంచులు పక్కలకి పోయి పరదా అందం పోతుంది. అడ్డంగా వాడితే పన్నాయే పరదా పొడవవుతుంది. కిటికీ మూడున్నర అడుగులు, అంటే 42 అంగుళాలు, చీర పన్నా 46. పైన రెండంగుళాలు మడిచి కుట్టి అందులోంచి స్ప్రింగు దూర్చాను. కింద జరీ అంచు చెక్కుచెదరకుండా అలాగే వేలాడింది. సగం చీర చాలింది, కుచ్చులు ఒత్తుగా వచ్చాయి. స్ప్రింగుకి కిటికీ చట్రానికి కొక్కేలు ముందే ఉన్నాయి.

మిగిలింది హాల్లో పెద్ద గోడ, దాని రెండు మేకులు. అక్కడ ఏం పెట్టాలో నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఇవాళ్టిదాకా చెయ్యి రాలేదు.

నాన్నది ఆర్టీసీ ఉద్యోగం. గుడివాడ, ఉయ్యూరు, అవనిగడ్డ, అన్నిచోట్లా అద్దె ఇళ్లే. 1994లో అమ్మ పెళ్లికి పెద్దమ్మ పెడన నుంచి ఓ కలంకారీ దుప్పటి తెచ్చి ఇచ్చింది. అచ్చులతో అద్దిన నెమళ్లు, మధ్యలో పెద్ద చెట్టు. అమ్మ దాన్ని ఒక్కసారి కూడా పరవలేదు. "అద్దింటికి ఎందుకే, మన ఇల్లు కట్టుకున్నాక వేసుకుందాం" అనేది. ఏటా ఓసారి ట్రంకు పెట్టె తెరిచి, వేపాకు మార్చి, మళ్లీ మడతపెట్టేది. మాకు చూడనిచ్చేది, ముట్టుకోనిచ్చేది కాదు. బందర్లో ఇల్లు కట్టింది 2015లో. గృహప్రవేశం ముందురోజు అమ్మ పెట్టె తీసి దుప్పటి విప్పింది. నెమళ్ల చుట్టూ ఉన్న నల్లగీతల వెంట బట్ట పిగిలిపోతోంది. పురుగు కాదు, తేమా కాదు. పెడనలో ఆ నలుపు తయారయ్యేది ఇనప ముక్కల్ని బెల్లం నీళ్లలో వారాల తరబడి పులియబెట్టి. ఆ ఇనుము ఏళ్లు గడిచేకొద్దీ నూలుని తినేస్తుంది. పటికతో పట్టించిన ఎరుపు మాత్రం నిన్న అద్దినట్టే ఉంది. అమ్మ ఏడవలేదు. దుప్పటి మళ్లీ మడతపెట్టి, "పోన్లే" అంది. ఆ "పోన్లే" నాకు ఇప్పటికీ వినపడుతుంది.

మేము ఈ ఇంటికి మారుతున్నామని తెలిసి, సామాన్లలో ఆ దుప్పటి కూడా పెట్టి పంపింది. ఎందుకో చెప్పలేదు.

మధ్యాహ్నం నేల మీద పరిచి చూశాను. మడతల దగ్గర, నలుపు దట్టంగా ఉన్నచోట పోయింది. చెట్టు మాత్రం చాలావరకు బాగుంది, రెండు నెమళ్లు కూడా. కత్తెర పట్టుకుని పావుగంట కూర్చున్నాను. ఈయన ఏమీ అనకుండా అవతలి చివర పట్టుకున్నాడు. చివరికి చెట్టు చుట్టూ మూడడుగుల వెడల్పున కోశాను. వెనకాల మిగిలిన సగం చీర దన్నుగా వేసి, పిగిలిన గీతల వెంట నల్లదారంతో సన్నటి కుట్లు వేశాను. చేతికుట్టే. మిషను సూది పడితే ఆ బట్ట తట్టుకోదు. పైన గొట్టంలా కుట్టి, అందులో కర్ర దూర్చి, రెండు చివర్లా తాళ్లు కట్టాను.

మేకులు రెండూ ఒక ఎత్తులో లేవు. కుడిపక్కది వేలెడు కిందకి ఉంది. అందుకని కుడి తాడు పొట్టిగా, ఎడమ తాడు పొడుగ్గా ముడి వేశాను. ఈయన పీట పట్టుకున్నాడు, నేను ఎక్కి తగిలించాను.

సాయంత్రం హాల్లో ట్యూబులైటు ఆర్పి, కొత్తగా కొన్న పసుపు వెలుగు బల్బు వేశాం. తొమ్మిది వాట్లది, 110 రూపాయలు. ఆ వెలుగులో చెట్టు ఎరుపు గోడ మీదికి పాకినట్టు కనపడింది. పుస్తకంలో లెక్క రాశాను: పీట 180, బల్బు 110, స్ప్రింగు 70, కుండలు 100, జాజు 20, దారం, ఎమరీ పేపరు కలిపి 40. మొత్తం 520. ఇంకా 980 ఉంది. వచ్చే వారం వంటింటికి ఓ స్టాండు చూడాలి.

ఎనిమిదింటికి అమ్మకి వీడియో కాల్ చేసి, ఏమీ చెప్పకుండా ఫోను గోడవైపు తిప్పాను. చాలాసేపు అటునుంచి మాట లేదు. నెట్‌వర్క్ పోయిందనుకున్నాను.

"నెమళ్లు రెండూ మిగిలాయా?" అంది.

"మిగిలాయమ్మా."

"దగ్గరికి పెట్టు."

పెట్టాను. కుట్లు చూసింది. నాన్నని పిలిచింది, ఆయన కళ్లజోడు వెతుక్కుంటూ వచ్చేలోపు మళ్లీ తనే అంది. "కుడిపక్క కొంచెం దిగిందే. పైకి లాగి కట్టు."

ఫోను ఈయన చేతికిచ్చి పీట ఎక్కాను. "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ, చాలు" అంటూ అక్కణ్నుంచే చెప్పింది. ముడి బిగించి దిగాను.