సిరాబుడ్డికి చింతపండు

హైదరాబాద్‌లో పాత సామాన్లు అమ్మే జుమ్మేరాత్ బజార్‌లో పాత ఫ్యాను రెక్కల కింద దొరికింది. ఇత్తడి పీట, అందులో గాజు సిరాబుడ్డి, పక్కన పొడుగు తోక ఉన్న టేబుల్ పెన్ను. పన్నెండొందలన్నాడు. ఐదొందలకి బేరం తెగింది. బస్సెక్కాక అనిపించింది, మూడొందలకైనా ఇచ్చేవాడేమో.

బుడ్డి అడుగున సిరా ఎండి పెచ్చు కట్టింది. రెండు రోజులు చన్నీళ్లలో నానబెడితే నీలం దారాల్లా పైకి లేచింది. ఆఫీసు కాల్ కూడా వదిలేసి చూస్తూ కూర్చున్నా. ఇత్తడికి చింతపండు పట్టించా. "పులుసుకి నానబెట్టింది నీ బుడ్డికి పూశావా?" అని అమ్మ.

పెన్ను దగ్గరే తప్పు చేశా. ఒళ్లంతా ఎబొనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. పాతబడ్డ ఎబొనైట్‌ని వేణ్ణీళ్లలో ముంచకూడదు. తెలుసు. తొందర కదా, ముంచా. నల్లటి పెన్ను కాస్తా పాచి రంగుకి తిరిగింది. రుద్దితే నలుపు వస్తుంది గానీ పైన చెక్కిన సన్నగీతలు పోతాయి. వద్దనుకున్నా.

లోపల సిరా నిలిచే రబ్బరు తిత్తి పెంకుల్లా రాలింది. కొత్తది కత్తిరించి లక్కతో అతికించి ఒక రాత్రి ఆరబెట్టా. లక్కయితే మళ్లీ విప్పడానికి కాస్త వేడి చాలు. సూపర్‌గ్లూ పూసేవాళ్లు తర్వాత బాగుచేసేవాడి ఉసురు పోసుకుంటారు.

సిరాకి ఆబిడ్స్‌లోని దక్కన్ పెన్ స్టోర్స్‌కి వెళ్లా, 1928 నాటి కొట్టు. నిన్న రాత్రి నింపితే పాళీ ముందు గీకింది, తర్వాత జారింది. మొదట రాసింది పాల లెక్క: 27 ప్యాకెట్లు.

మూడు తక్కువ రాశావంది అమ్మ.