ఒక్క ఆట ఆడినవాడి దారిలో: బ్రూక్లిన్ నుంచి చిజమ్ దాకా

అమెరికా బేస్‌బాల్‌లో అగ్రశ్రేణి అయిన మేజర్ లీగ్‌లో, 1905లో, ఒకే ఒక్క ఆట ఆడిన ‘మూన్‌లైట్’ గ్రాహం జాడ వెతుక్కుంటూ వెళ్ళే దారి ఇది. న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఆర్ రైలు ఎక్కి యూనియన్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగాలి. ఫోర్త్ అవెన్యూ మీద దక్షిణంగా మూడు నాలుగు వీధులు దాటితే ఫస్ట్ స్ట్రీట్ తగులుతుంది. అక్కడి నుంచి థర్డ్ స్ట్రీట్ దాకా, థర్డ్ అవెన్యూకీ ఫోర్త్ అవెన్యూకీ నడుమ ఉన్నదే ఒకప్పటి వాషింగ్టన్ పార్క్ మైదానం. 1898 నుంచి 1912 దాకా బ్రూక్లిన్ బేస్‌బాల్ జట్టు ఆడింది ఇక్కడే. ఇప్పుడది కరెంటు కంపెనీ యార్డు, లోపలికి వెళ్ళనివ్వరు. థర్డ్ అవెన్యూ వైపు మాత్రం పాత ఇటుక గోడ కొంత మిగిలి ఉంది. కిటికీల ఖాళీలను కూడా ఇటుకలతోనే పూడ్చేశారు. ఆ పూడ్చిన గళ్ళ అంచులు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. ఇది 1905 నాటి గోడే అనుకుని చాలామంది ఫొటో తీసుకుంటారు. కానీ ఇది 1914లో, అప్పట్లో పోటీగా పుట్టిన ఫెడరల్ లీగ్ జట్టు అదే స్థలంలో కొత్త స్టేడియం కట్టుకున్నప్పటిది. నేల మాత్రం అదే. గోడ పడమటి ముఖంగా ఉంది కాబట్టి ఫొటో కావాలనుకునేవాళ్ళు మధ్యాహ్నం దాటాక వెళ్తే మంచిది. వేసవిలో పక్కనున్న గోవానస్ కాలువ వాసన భరించాలి.

1905 జూన్ 29న న్యూయార్క్ జెయింట్స్ ఈ మైదానంలో బ్రూక్లిన్‌ను 11-1తో ఓడించింది. బేస్‌బాల్‌లో ఆటకు 9 ఇన్నింగ్స్, ఒక్కోదానిలో రెండు జట్లూ మూడేసి అవుట్లు పడేదాకా వంతులవారీగా బ్యాటింగ్ చేస్తాయి. ఆట చేతికి వచ్చేసిందని తేలాక, 8వ ఇన్నింగ్స్ రెండో సగంలో మేనేజర్ జాన్ మెక్‌గ్రా రైట్ ఫీల్డ్ నుంచి జార్జ్ బ్రౌన్‌ను తప్పించి ఆర్చిబాల్డ్ గ్రాహంను పంపాడు. అందరూ అతన్ని ‘మూన్‌లైట్’ గ్రాహం అనేవారు. 9వ ఇన్నింగ్స్‌లో జెయింట్స్ బ్యాటింగ్ చేస్తుంటే తర్వాతి వంతు గ్రాహందే. అతను బ్యాటు పట్టుకుని ఎదురుచూస్తూ ఉండగానే ముందున్న క్లాడ్ ఎలియట్ గాల్లోకి కొట్టి అవుటయ్యాడు. అది మూడో అవుట్. గ్రాహం మళ్ళీ రైట్ ఫీల్డ్‌కు వెళ్ళాడు, ఆట ముగిసింది. మేజర్ లీగ్‌లో అతని ఆట అంతటితో సరి.

క్రికెట్ చూసి పెరిగిన మనకు ఇక్కడ ఒక సంగతి కొత్తగా ఉంటుంది. టెస్టులో పన్నెండో ఆటగాడు రోజంతా ఫీల్డింగ్ చేసినా టెస్టు క్రీడాకారుడు కాడు. బేస్‌బాల్‌లో అలా కాదు. మార్పు ఆటగాడి పేరు అంపైర్‌కు చెప్పి ప్రకటిస్తే చాలు, ఆడినట్టే లెక్క. అతని కోసం తప్పుకున్నవాడు ఆ ఆటలోకి తిరిగి రావడానికి లేదు. అందుకే మేనేజర్లు కొత్తవాళ్ళను ఆధిక్యం బాగా ఉన్నప్పుడో, ఆశ వదులుకున్నప్పుడో చివరి ఇన్నింగ్స్‌లలో దింపుతారు. ఒక్క ఆటతో ఆగిపోయినవాళ్ళు చాలామంది ఉండటానికి ఈ పద్ధతి ఒక పెద్ద కారణం. మన హైదరాబాద్ బ్యాటర్ కెనియా జయంతిలాల్ 1971లో కింగ్‌స్టన్‌లో ఆడిన ఒకే ఒక్క టెస్టులో 5 పరుగులు చేశాడు. తర్వాతి టెస్టులో గవాస్కర్ వచ్చాడు. అయితే జయంతిలాల్ తుది పదకొండు మందిలో ఉన్నాడు, బ్యాటింగ్ కూడా చేశాడు. గ్రాహంకు ఆ ఒక్క బంతి కూడా దక్కలేదు.

న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ తర్వాతి మజిలీ. బేస్‌బాల్ మేటి ఆటగాళ్ళను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న ఊరు ఇది. రైలు లేదు, విమానాశ్రయమూ లేదు. ఆల్బనీలో దిగి కారు తీసుకుని పడమరగా సుమారు 70 మైళ్ళు వెళ్ళాలి. జులై చివర్లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి కొత్తవాళ్ళను చేర్చుకునే వారాంతంలో వెళ్తే గది దొరకదు, పరిశోధన పనీ సాగదు. ఊళ్ళో పార్కింగ్ తక్కువ కాబట్టి వేసవిలో కారు ఊరి అంచు పార్కింగ్‌లో పెట్టి ట్రాలీ ఎక్కడమే సులువు. హాల్‌లో కంచు ఫలకం కావాలంటే కనీసం 10 సీజన్లు ఆడి ఉండాలి. ఒక్క ఆటవాళ్ళ ముఖాలు ఆ గోడల మీద ఉండవు. కానీ అదే ప్రాంగణంలోని గ్రంథాలయంలో మేజర్ లీగ్‌లో ఒక్క ఆట ఆడినవాడికైనా ఒక ఫైలు ఉంటుంది. ఫలకాల గది కంటే నాకు ఈ ఫైళ్ళ గదే ఎక్కువ ఇష్టం.

రీసెర్చ్ గదికి ముందుగా రాసి సమయం తీసుకోవాలి, అదీ పనిదినాల్లోనే. రాసేటప్పుడు ‘తక్కువ ఆటలు ఆడినవాళ్ళ ఫైళ్ళు’ అని అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు. పూర్తి పేరు, సంవత్సరం, జట్టు రాస్తేనే ఫైళ్ళు తీసి ఉంచుతారు. ఒకే ఇంటిపేరున్నవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి పుట్టిన ఊరు కూడా రాస్తే పొరపాటు జరగదు. గ్రాహంకైతే నార్త్ కరోలినాలోని ఫాయెట్‌విల్ అని రాయాలి.

ఫైళ్ళు తెరిచేముందు అంకెలు చదవడం తెలిసి ఉండాలి. బంతిని కొట్టి క్షేమంగా బేస్‌కు చేరితే హిట్. బ్యాటింగ్ సగటు అంటే హిట్లను ‘ఎట్ బ్యాట్’ల, అంటే లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ వంతుల, సంఖ్యతో భాగించగా వచ్చేది. నాలుగు బంతులు గురి తప్పి వస్తే ఉచితంగా బేస్ దక్కుతుంది, అది వాక్. వాక్ వచ్చినా, బంతి ఒంటికి తగిలి బేస్ దక్కినా ఎట్ బ్యాట్ కింద రాదు. బేస్‌కు చేరిన వంతుల లెక్క ఆన్ బేస్ శాతం, అందులో ఇవి కూడా కలుస్తాయి. 1951 ఆగస్టు 19న సెయింట్ లూయిస్ బ్రౌన్స్ తరఫున దిగిన ఎడ్డీ గేడెల్ ఎత్తు 3 అడుగుల 7 అంగుళాలు, చొక్కా మీద నంబరు 1/8. పిచర్ (బంతి వేసేవాడు) బాబ్ కేన్ వేసిన నాలుగు బంతులూ అతని తల మీదుగా పోయాయి. వాక్ వచ్చింది, బేస్‌కు చేరాక అతని బదులు వేరొకర్ని పరుగుకు దింపారు. అందుకే అతని ఎట్ బ్యాట్‌లు సున్నా, సగటు గడి ఖాళీ, ఆన్ బేస్ శాతం మాత్రం 1.000. ఆడమ్ గ్రీన్‌బర్గ్‌కు 2005 జులై 9న మేజర్ లీగ్‌లో ఎదుర్కొన్న మొదటి బంతే తలకు తగిలింది. 2012 అక్టోబరు 2న మయామీ జట్టు ఒక్కరోజు ఒప్పందంతో అతన్ని మళ్ళీ దింపింది. పిచర్ ఆర్. ఎ. డికీ మూడు బంతుల్లో అతన్ని స్ట్రైక్ అవుట్ చేశాడు, అంటే బంతిని కొట్టనివ్వకుండానే అవుట్ చేశాడు. దాంతో ఖాళీగా ఉన్న సగటు .000 అయింది, ఆన్ బేస్ శాతం 1.000 నుంచి .500కు దిగింది. అంకెల్లో నష్టమే. అయినా అతను కోరుకున్నది, స్ట్రైక్ అవుట్ అయినా సరే, నిలబడి ఆడే ఒక్క వంతును. గ్రాహం వరుసలో ఆటలు 1, మిగతావన్నీ సున్నాలు. సగటు దగ్గర సున్నా కూడా ఉండదు, ఎందుకంటే సున్నాను సున్నాతో భాగించలేం.

ఇలాంటివాళ్ళలో నా మనసును ఎక్కువగా పట్టినవాళ్ళు ఇద్దరు, ఇద్దరూ హ్యూస్టన్ జట్టుకు ఆడినవాళ్ళే. జాన్ పాసియోరెక్ 18 ఏళ్ళకు, 1963 సెప్టెంబరు 29న, హ్యూస్టన్ కోల్ట్ .45స్ తరఫున న్యూయార్క్ మెట్స్ మీద ఆడాడు. 3 ఎట్ బ్యాట్‌లలో 3 హిట్లు, 2 వాక్‌లు, 4 పరుగులు. తర్వాత వెన్నునొప్పి, శస్త్రచికిత్స. మళ్ళీ పైకి రాలేదు. సగటు ఎప్పటికీ 1.000. లారీ యౌంట్‌ను 1971 సెప్టెంబరు 15న హ్యూస్టన్‌లోని ఆస్ట్రోడోమ్ స్టేడియంలో పిచర్‌గా ప్రకటించారు. మైదానంలోకి వచ్చి వేసే వార్మప్ బంతుల్లోనే మోచెయ్యి నొప్పి పెట్టి వెనక్కి వెళ్ళాడు. బ్యాటర్‌కు ఒక్క బంతీ వేయకుండానే అతని పేరున ఒక ఆట నమోదైంది, పేరు ప్రకటించారు కనుక. అతని తమ్ముడు రాబిన్ యౌంట్ ఫలకం కూపర్స్‌టౌన్ గోడ మీదే ఉంది. పాసియోరెక్ ఆడిన కోల్ట్ స్టేడియం ఆస్ట్రోడోమ్ పక్కనే ఉండేది, ఆ చోటు ఇప్పుడు పార్కింగ్. హ్యూస్టన్‌లో మనవాళ్ళు ఇంతమంది ఉన్నారు కాబట్టి చెబుతున్నాను: రెడ్ లైన్ రైలులో ఆస్ట్రోడోమ్ స్టేషన్‌లో దిగితే ఈ ఇద్దరి చోట్లూ నడక దూరంలోనే.

ఈ లెక్కల్లో తప్పులూ దొర్లాయి. 1912లో సెయింట్ లూయిస్ బ్రౌన్స్‌కు లూ ప్రాక్టర్ అనేవాడు ఒక్క ఆట ఆడినట్టు పుస్తకాల్లో చాలా ఏళ్ళు ఉండేది. నిజానికి ఆడింది పీట్ కాంప్టన్. ఒక టెలిగ్రాఫ్ ఆపరేటర్ స్కోరు పంపుతూ తన పేరు చేర్చుకున్నాడని చెబుతారు. పరిశోధకులు పట్టుకుని తీసేశారు. వందల ఆటలు ఆడినవాడి లెక్కలో ఒక ఆట అటూ ఇటూ అయితే సగటు కొద్దిగా కదులుతుంది. ఒక్క ఆటవాడి విషయంలోనైతే మనిషే ఉన్నాడా లేడా అన్నది మారిపోతుంది. అందుకే ఈ ఫైళ్ళ మీద ఇంత శ్రద్ధ. ఈ రోజుల్లో తక్కువకాలం ఆడటానికి జీవితంలోనూ విలువ ఉంది. 1980 ఒప్పందం నుంచి మేజర్ లీగ్ జట్టులో ఒక్కరోజు ఉన్నా వైద్య బీమాకు అర్హత వస్తుంది, 43 రోజులుంటే పెన్షన్ మొదలవుతుంది.

గ్రాహం అప్పటికే వైద్యవిద్య చదువుతూ ఉన్నాడు. ఇంకొన్నాళ్ళు కింది లీగ్‌లలో ఆడి, ఆట మానేసి మిన్నెసోటా ఉత్తర భాగాన చిజమ్ అనే ఇనుప గనుల ఊరు చేరాడు. మినియాపొలిస్ విమానాశ్రయం నుంచి దక్షిణంగా గంటన్నర దూరంలో రోచెస్టర్, ఉత్తరంగా మూడున్నర గంటల దూరంలో చిజమ్. ముందు రోచెస్టర్ చూసుకుని పైకి వెళ్ళడం మంచిది. అతని సమాధి రోచెస్టర్‌లోని కాల్వరీ శ్మశానంలో ఉంది. మేయో క్లినిక్ పెట్టిన మేయో సోదరుల సమాధులున్న ఓక్‌వుడ్ శ్మశానం వేరు. ఒకటనుకుని రెండోదానికి వెళ్ళేవాళ్ళున్నారు, ఫోన్ మ్యాపులో పేరు సరిచూసుకోండి.

చిజమ్‌కు ఐ-35 మీద ఉత్తరంగా క్లోకే దాకా వెళ్ళి, 33వ నంబరు రోడ్డు, తర్వాత 53 ఎక్కాలి. సాయంత్రం పొద్దువాలాక జింకలు రోడ్డు మీదకు వస్తాయి, ఆ వేళకు ప్రయాణం ముగిసేలా చూసుకోవాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా అనువైన కాలం, గనుల మ్యూజియం తెరిచేది కూడా వేసవిలోనే. చలికాలంలో వెళ్ళేవాళ్ళు దారిలో బండి ఆగిపోతే కావలసిన దుప్పట్లు కారులో ఉంచుకోవాలి. ఊరి శివారులో, పీఠంతో కలిపి 80 అడుగులకు పైగా ఎత్తున్న ఇనుప కార్మికుడి విగ్రహం ముందుగా కనిపిస్తుంది. తవ్వి వదిలేసిన గనుల గోతులు నీళ్ళతో నిండి చెరువులయ్యాయి. అంచుల్లో మట్టి ఎర్రగా ఉంటుంది, చెప్పుల అడుగున పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. భోజనానికి మాంసం తినేవాళ్ళకు పోర్కెట్టా అనే పంది మాంసపు వంటకం దొరుకుతుంది. మిగతావాళ్ళు అక్రోటు ముద్ద పెట్టి చుట్టే పొటీత్సా తినాలి, స్లోవేనియా గనిపనివాళ్ళు తెచ్చిన రొట్టె అది. గుడ్డు ఉంటుంది, తిననివాళ్ళు గమనించాలి.

1989 నాటి ‘ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్’ సినిమాలో గ్రాహం ఒక పాత్ర. అది చూసి వచ్చేవాళ్ళు అందులోని చిజమ్ వీధి కోసం వెతుకుతారు. ఆ వీధి ఇక్కడ లేదు, ఆ దృశ్యాలు ఇల్లినాయ్‌లోని గలీనాలో తీశారు. సినిమాలో గ్రాహం ఆట 1922కు, మరణం 1972కు మార్చారు. ఆయన చనిపోయింది 1965 ఆగస్టు 25న. ఊళ్ళో అసలు వెతకవలసింది బడులు. 1908 అగ్నిప్రమాదంలో కాలిపోయి మళ్ళీ లేచిన ఈ ఊళ్ళో ఆయన 1915 నుంచి 1959 దాకా బడిపిల్లల డాక్టరు. పాత కళ్ళద్దాలు తెప్పించి, శనివారాలు గనిపనివాళ్ళ పిల్లల కళ్ళు చూసి, సరిపడేవి ఏరి ఉచితంగా పెట్టేవాడు.

వివరాలు కావాలంటే మిన్నెసోటా డిస్కవరీ సెంటర్‌లోని ఐరన్ రేంజ్ రీసెర్చ్ సెంటర్‌కు వెళ్ళండి. వేదా పొనిక్వార్ 1947లో స్థాపించిన ‘చిజమ్ ఫ్రీ ప్రెస్’ పత్రిక గురించి, 1965 ఆగస్టు చివరి వారం, సెప్టెంబరు మొదటి వారం సంచికల గురించి అక్కడ అడగాలి. వైద్యులైనవాళ్ళు మరొకటి చదవాలి. మేయో క్లినిక్ వైద్యుడు ఎడ్గార్ హైన్స్, రాబర్ట్ గేజ్‌లతో కలిసి గ్రాహం 5 నుంచి 16 ఏళ్ళ పిల్లల రక్తపోటు మీద రాసిన వ్యాసం 1945లో ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ డిసీజెస్ ఆఫ్ చిల్డ్రన్’ 69వ సంపుటంలో వచ్చింది. వైద్య కళాశాల గ్రంథాలయాల్లో అడిగితే దొరుకుతుంది. రచయితల వరుసలో మొదటి పేరు ఆయనదే.