గడ్డం ఎముక మీది గట్టు

ఎంబీబీఎస్ మొదటి ఏడాది మా సీనియర్ అక్క తన ఎముకల పెట్టె నాకిచ్చింది. అందులోని కింది దవడను రాత్రిళ్లు చేతిలో పట్టుకుని చదివేదాన్ని. గడ్డం దగ్గర నడిమధ్య సన్నటి గట్టు వేలికి తగిలేది. పుట్టినప్పుడు దవడ రెండు ముక్కలు. తర్వాత ఆ గట్టు దగ్గరే అతుక్కుంటుంది.

దాన్ని తాకితే ఇప్పటికీ నాకు పాతకాలపు గ్రీకు వైద్యుడు గేలెన్, ఆయన తప్పులు దిద్దిన ఐరోపా శరీర శాస్త్రవేత్త వెసేలియస్ గుర్తొస్తారు. 2వ శతాబ్దంలో మనిషి శవాన్ని కోసే వీల్లేక గేలెన్ కోతుల్ని, పందుల్ని కోసి చూశాడు. పెద్దవాళ్ల దవడ కూడా రెండెముకలే అన్నాడు. ఆ మాట వెయ్యేళ్లకు పైగా చెల్లింది. అలాగని ఆయన్ని తీసిపారేయలేను. గొంతు దగ్గరి నరం కట్టేస్తే పంది అరుపు ఆగిపోతుందని చూపించింది ఆయనే.

1543లో, 28 ఏళ్ల వయసులో వెసేలియస్ దవడ ఒక్కటే ఎముకని రాశాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది మాత్రం ఇంకో చోట. మెదడు అడుగున రక్తనాళాల వల ఉంటుందన్న గేలెన్ మాట నమ్మి, మనిషి తలలో అది దొరక్క, పాఠంలో జంతువు తల తెచ్చి చూపించేవాణ్నని తనే ఒప్పుకున్నాడు. అంత పేరున్న మనిషి అలా రాయడం చిన్న విషయం కాదు.

మన సుశ్రుతుడి దారి వేరు. శవానికి గడ్డి చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీళ్లలో ఏడు రాత్రులు ఉంచాలి. ఆపైన వట్టివేళ్లు, వెదురు లాంటివాటితో చేసిన కుంచెతో చర్మం నుంచి పొరపొరగా రుద్దుతూ చూడాలి. శవం పాడవకుండా వాడే ఫార్మలిన్‌కు కళ్లు మండుతుండగా మొదటిసారి చర్మం ఎత్తిన రోజు, మా ఇంటి కిటికీకి ఎండాకాలం కట్టే వట్టివేళ్ల తడక గుర్తొచ్చింది.