పదకొండింటికే పన్నెండు

మా వాడికి ఆదివారం తెలుగు పాఠం పది నుంచి పన్నెండు దాకా. మొన్న సరిగ్గా పదకొండింటికి పెట్రోవ్ కొండ మీది పెద్ద చర్చి గంటలు మోగాయి. వాడు పెన్సిలు పక్కన పెట్టి పుస్తకం మూసేశాడు.

"పన్నెండు కొట్టింది అమ్మా, ఇక చాలు."

"పదకొండే కదరా!"

"ఊరంతా ఒప్పుకున్న పన్నెండు," అన్నాడు. తొమ్మిదేళ్ళవాడు.

చెక్ దేశంలోని ఈ బ్ర్నో ఊళ్ళో ఉన్నవాళ్ళెవరికీ దీనికి జవాబు దొరకదు. ఇక్కడ మధ్యాహ్నపు గంటలు రోజూ గంట ముందే మోగుతాయి. 1645లో స్వీడన్ సేనాని టోర్‌స్టెన్‌సన్ ఈ ఊరిని ముట్టడించాడు. పన్నెండు కొట్టేలోపు ఊరు చేజిక్కకపోతే వెళ్ళిపోతానన్నాడట. ఆ మాట చెవిన పడ్డ ఊరివాళ్ళు పదకొండింటికే పన్నెండు కొట్టేశారట. కథలో నిజమెంతో గాని, మూడు నెలలకు పైగా కూర్చున్న స్వీడన్ సైన్యం ఉత్త చేతులతో వెనక్కి పోయిన మాట మాత్రం చరిత్రే. ఆ దొంగ పన్నెండును ఈనాటికీ గర్వంగా కొడుతూనే ఉన్నారు. మా వంటింటి గోడ మీద విజయవాడ సమయం చూపించే గడియారం ఒకటుంది కాబట్టి, ఈ ఊరి మొండితనాన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు.

ఆ ముట్టడిలో ఊరిని కాపాడిన సేనాని ఈ ఊరివాడు కాడు. రదుయి ద సూష్ అని, ఫ్రాన్సులోని లా రోషెల్ నుంచి వచ్చినవాడు. ఈ సంగతి మా వాడే బడిలో విని వచ్చి చెప్పాడు. "చూశావా, బయటినుంచి వచ్చినవాళ్ళే ఊళ్ళను నిలబెడతారు," అని నేను పొంగిపోయాను. "ఆయన యుద్ధం చేశాడమ్మా. నువ్వు చెక్ క్లాసుకు కూడా వెళ్ళవు," అన్నాడు.

నిజమే. ఎనిమిదేళ్ళయింది, నా చెక్ "దోబ్రీ దెన్" అనే పలకరింపు దగ్గరే కాళ్ళు చాపుకొని కూర్చుంది. బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళితే టీచరమ్మ చెప్పేది నాకు వాడే తెలుగు చేసి చెబుతాడు. వాడి మీది ఫిర్యాదులు ఆ దారిలో ఎన్ని రాలిపోతున్నాయో నాకు అనుమానమే. అయినా తెలుగు నేర్చుకోమని వాడి వెంట పడేది నేనే. మెట్ల మీద పక్కింటావిడ వాడి చెక్‌ను మెచ్చుకుంటే లోపల మురిసిపోయేదీ నేనే. ఇక బాగా కోపం వచ్చినప్పుడు తిట్టేది ఇంగ్లీషులో. ఇంట్లో తెలుగే మాట్లాడండని ఎవరికైనా సలహా ఇవ్వబోతే నాకే నవ్వొస్తుంది.

ఆ ఆదివారం గంటలు మోగకముందు జరిగింది ఇంకొకటుంది. ఊరి పేరు తెలుగులో రాయమన్నాను. బ్రనో అని రాశాడు, చదువుకున్నాడు, కొట్టేశాడు. "ఇందులో అ లేదు." బ్రునో అని రాశాడు. "ఉ కూడా లేదు." ఈ చెక్ వాళ్ళు రకారాన్నే అచ్చులా పలుకుతారు. బ్ర్ అని నాలుక అదిరించి, అచ్చు ఆసరా లేకుండా నో మీదికి దూకేస్తారు. నేను బ్ర్నో అని రాసి చూపించాను గాని అంతలో ఒకటి తట్టి సిగ్గేసింది. అచ్చే అయిన రకారం మనకూ ఉంది కదా, ఋ. అక్షరమాల దిద్దించినప్పుడు "ఇది పెద్దగా అవసరం రాదు, వదిలేయ్" అని నేను దాటించిన అక్షరం. మనం దాన్ని రు అని పలికి ఎంత కాలమయిందో. అసలు పలుకు వాడి నోట్లో ఉంది, నా నోట్లో లేదు.

వాడికి ఈ ఊరంటే పిచ్చి. రాజధాని ప్రాగ్ పేరెత్తితే మూతి తిప్పుతాడు, అది అచ్చంగా ఇక్కడివాళ్ళ రోగం. పాత టౌన్‌హాలు దారిలో పైకప్పుకు వేలాడే మొసలిని అందరిలాగే డ్రాగన్ అంటాడు. లెక్కల్లో మూడు వచ్చిందని (ఇక్కడ ఒకటి అన్నిటికన్నా మంచి మార్కు, అయిదు అధమం) నేను ముఖం మాడ్చుకుంటే మెండెల్‌ను అడ్డం పెడతాడు. ఈ ఊరి మఠం తోటలో బఠానీ మొక్కలు పెంచి వంశపారంపర్యం గుట్టు విప్పిన ఆ సన్యాసి, ఉపాధ్యాయ పరీక్షలో రెండుసార్లు గట్టెక్కలేకపోయాడు. 1865లో ఆయన ఇక్కడే చెప్పిన సంగతి లోకానికి 1900 దాకా ఎక్కలేదు. "నువ్వూ కాస్త ఆగు అమ్మా," అంటాడు.

ఇక్కడ ట్రామును ట్రాము అనరు, షలినా అంటారు. వాడు ఒకసారి ఫోనులో "అమ్మమ్మా, షలినాతో వచ్చాను," అంటే మా అమ్మ గాభరాపడి "ఎవరు నాన్నా ఆ శాలిని?" అంది. 1900లో కరెంటు ట్రాములు వచ్చేనాటికి ఈ ఊళ్ళో ఎక్కువమందిది జర్మన్ భాష. "ఎలెక్ట్రిషె లీనియె" అన్న జర్మన్ మాట చెక్ నోళ్ళలో అరిగి షలినా అయిందంటారు. ఇది చెప్పగానే వాడు అడిగాడు: "మరి ఆ జర్మన్ వాళ్ళంతా ఏరి?"

అక్కడ ఆగిపోయాను. యుద్ధకాలంలో నాజీలు ఈ ఊరి యూదులను తరలించి చంపారు. యుద్ధం ముగిశాక, 1945 మే 30 రాత్రి, ఊళ్ళోని జర్మన్ వాళ్ళను, ఎక్కువగా స్త్రీలను, పిల్లలను, ముసలివాళ్ళను, వేలమందిని ఆస్ట్రియా వైపు నడిపించారు. ఎందరో మధ్యలోనే పోయారు. నగర పాలక మండలి విచారం తెలిపింది 2015లో. ఇదంతా నాకు తెలుసు. "వెళ్ళిపోయారు నాన్నా," అని మాత్రం అన్నాను. "మాట వదిలేసి వెళ్ళారా?" అన్నాడు.

అప్పటినుంచి పాఠం చెబుతున్నప్పుడల్లా అదే గుర్తొస్తోంది. మమ్మల్ని ఎవరూ తరమలేదు, మాకై మేమే వచ్చాం. అయినా వాడి పిల్లల దాకా ఏం చేరుతుంది? ఒక అయ్యో, ఒక చారు, ఎక్కడిదో తెలియని రెండు మాటలేనా? అలా అరిగి మిగిలినా చాలనుకోవాలా, అంత తక్కువకు ఒప్పుకున్నందుకు నన్ను నేనే తిట్టుకోవాలా? ఏ భాషలో తిట్టుకోవాలో కూడా తేలలేదు.

నిన్న ఆలోచనలో పడి దిగవలసిన చోటు దాటిపోయాను. రాత్రి ఫోనులో అమ్మకు చెబుతున్నాను: "షలినాలో కూర్చుని ఏదో ఆలోచిస్తూ..."

"మళ్ళీ ఆ అమ్మాయేనా?" అంది అమ్మ.