తుంగ వదలని లాన్

జూన్‌లో అమలాపురం దగ్గర ఈ ఇంట్లోకి దిగేసరికి లాన్ నిండా మోకాలెత్తు వయ్యారిభామ కలుపు, దాని కింద తుంగ గడ్డి. రెండేళ్లు తాళం వేసిన ఇల్లు మరి. వయ్యారిభామను విత్తనం పట్టకముందే గ్లౌజులు తొడుక్కుని వేర్లతో సహా పీకేశాను.

అసలు టెన్షన్ తుంగతోనే. పైన లాగితే ఆకే తెగి వస్తుంది. లోపల గొలుసులా మిగిలిన గడ్డలు మళ్లీ మొలుస్తాయి. వాన వెలిసి నేల మెత్తబడినప్పుడల్లా గునపంతో జానెడు లోతు తవ్వి గడ్డలు ఏరాను. పక్కింటి పిన్నిగారు చూసి, ‘గరిక మాత్రం పీకకమ్మా, వినాయకుడి పూజకు కావాలి’ అన్నారు. ఎంత మంచి మాట! కడియం నర్సరీలో పచ్చిక కొనాలనుకున్నది మానేసి, ఆ గరిక కణుపులనే జానెడు దూరంలో నాటాను. నీరు నిలిచే మూలలో ఇసుక పోశాను.

ఇప్పుడు పొద్దున్నే అక్కడ చెప్పుల్లేకుండా నడుస్తున్నాను. తుంగ మొలకలు ఇంకా రోజుకు నాలుగైదు కనిపిస్తున్నాయి.