ఆర్నాల్డ్ ఉత్తరాలు: మూడో వారం

ఈ వారం కూడా ఒక్క ఉత్తరం దగ్గరే ఆగిపోయాను. 1780 జులై 15న బెనెడిక్ట్ ఆర్నాల్డ్ బ్రిటిష్ మేజర్ జాన్ ఆండ్రేకి రాసింది. అమెరికా విప్లవ సైన్యంలో జనరల్‌గా ఉంటూనే, హడ్సన్ నది మీది వెస్ట్ పాయింట్ కోటను బ్రిటిష్ వాళ్లకు అప్పగిస్తానని 20,000 పౌన్లకు బేరం పెట్టిన ఉత్తరం. అసలు కాగితం మిషిగన్ యూనివర్సిటీ క్లెమెంట్స్ లైబ్రరీలో, బ్రిటిష్ సేనాధిపతి హెన్రీ క్లింటన్ కాగితాల్లో ఉంది. నేను చూసేది స్కాన్ బొమ్మలే. ఎక్కడో ఒకటీ అరా మామూలు మాటలు, మిగతాదంతా రహస్య సంకేతాలుగా రాసిన అంకెలు.

బ్రిటిష్ పక్షాన ఈ సంకేతాలు విప్పిన జొనాథన్ ఓడెల్ మామూలు మాటల్లో రాసిన ప్రతి కూడా అక్కడే ఉంది కాబట్టి నాది దొంగచాటు చదువే. అయినా 1ని 7 అనుకుని ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. ఇప్పుడు బొమ్మను బాగా పెద్దది చేసి, ఒక్కో వరుసా విడిగా కత్తిరించి, ముందు అంకెలు మాత్రమే ఎక్కించుకుంటున్నా. ఓడెల్ ప్రతి తెరిచేది ఆ తర్వాతే. ముందే చూస్తే కన్ను తనకు కావాల్సిందే చదువుతుంది.

1779లో మొదలుపెట్టినప్పుడు ఆర్నాల్డ్, ఆండ్రేలు ఈ సంకేతాలకు తాళంచెవిగా పెట్టుకున్నది బ్లాక్‌స్టోన్ న్యాయశాస్త్ర గ్రంథం. మూడు సంఖ్యలు కలిస్తే ఒక మాట: పేజీ, పంక్తి, ఆ పంక్తిలో ఎన్నో పదం. తర్వాత నిఘంటువుకు మారారు. ఎందుకో తెలుసుకుందామని ఇంట్లో ఉన్న ఒక లావుపాటి లా పుస్తకంతో పన్నెండు మాటల వాక్యాన్ని నేనే అంకెల్లోకి మార్చి చూశా. నలభై నిమిషాలు పట్టింది. ఒక మాట ఎంత వెతికినా దొరక్క అక్షరం అక్షరం కూర్చాల్సి వచ్చింది. అదే వాక్యం నిఘంటువుతో పది నిమిషాల్లో అయిపోయింది.

కానీ ఈ ఉత్తరం రెండో కాగితం చూస్తుంటే నాకే టెన్షన్ పుట్టింది. ‘ఎ’తో మొదలయ్యే మాటలన్నిటికీ చిన్న పేజీ అంకెలు, ‘డబ్ల్యూ’ మాటలకు పెద్దవి. పుస్తకం చేతిలో లేకున్నా సగం ఊహించొచ్చు. తొందర కోసం వాళ్లు ఇంత గోప్యత వదులుకున్నారా!

వచ్చే వారం 1780 సెప్టెంబర్ 25 నాటి ఉత్తరం. ఆండ్రే పట్టుబడ్డాడని తెలిసి ఆర్నాల్డ్ పారిపోయి, వల్చర్ అనే బ్రిటిష్ యుద్ధనౌక మీద నుంచి అమెరికా సేనాధిపతి జార్జ్ వాషింగ్టన్‌కు రాసింది. భార్యను కాపాడమని అడుగుతాడు. అందులో అంకెల గొడవ లేదు.