మేడ మీద పాతిన కుండలు: ఎనిమిదో నెల లెక్క

జూన్‌లో స్కూల్లో ఫుల్‌టైమ్ మానేసి వారానికి మూడు రోజులకు మారినప్పుడు, అమ్మ మదనపల్లె నుంచి ఫోన్ చేసి "మిగతా నాలుగు రోజులు ఏం చేస్తావమ్మా" అంది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కొంత ఉంది.

మేం ఉండేది బెంగళూరులో, రామమూర్తినగర్ వైపు. సోమ, మంగళ, బుధ ఏడో తరగతికి సైన్సు చెప్తాను, గురువారం నలుగురు కలిసి వాడుకునే కుండల స్టూడియోలో సారె (కుమ్మరి చక్రం) ముందు కూర్చుంటాను, శుక్రవారం మేడ మీద తోట పని, శనివారం పొద్దున అక్కడే ఆరుగురు పిల్లలకు మట్టి పని నేర్పుతాను. మొదటి మూడు నెలలు ఒక పనిలోంచి ఇంకో పనిలోకి పరిగెత్తడంతోనే అలసిపోయాను. వాటిని కలిపింది నీళ్ల కుండ.

గ్లేజ్ (గాజులాంటి పూత) వేయని కుండను మెడ దాకా మట్టిలో పాతి నీళ్లు పోస్తే, చుట్టూ మట్టి ఆరే కొద్దీ గోడలోంచి నీరు ఊరుతుంది, మట్టి తడిగా ఉంటే ఊరడం తగ్గుతుంది. చాలా పాత పద్ధతి. గ్రో బ్యాగ్‌లో దీనికి చోటు చాలదు, అందుకే నీలం డ్రమ్ములు సగానికి కోయించి, అడుగున చిల్లులు పెట్టి, ఒక్కోదానిలో రెండు లీటర్ల కుండ మధ్యలో పాతి, చుట్టూ మూడు టమాటా మొక్కలు నాటాను. డిసెంబర్‌లో మూడు రోజులకోసారి నింపితే సరిపోయింది, ఇప్పుడు ఫిబ్రవరి ఎండకు రోజు విడిచి రోజు నింపుతున్నాను. మూత తప్పనిసరి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ నీళ్లలోనే.

మట్టి సంగతి కాస్త వివరంగా రాస్తాను. బంకమట్టి ఒక్కటే వాడితే గోడ పగులుతోంది. పగిలిన పాత కుండ పెంకుల్ని దంచి, జల్లించి, ఆరు కిలోల మట్టికి ఒక కిలో పొడి కలిపాక పగుళ్లు బాగా తగ్గాయి. జల్లించిన వరి ఊక రెండు గుప్పెళ్లు కలిపితే అది కాలిపోయి సన్నటి రంధ్రాలు మిగులుతాయి, నీరు బాగా ఊరుతుంది. గోడ మందం 7 మిల్లీమీటర్లు. కాల్చేది 900 డిగ్రీల దగ్గర, అంతకంటే బాగా ఎక్కువ వేడి ఇస్తే రంధ్రాలు మూసుకుపోతాయి.

అక్టోబర్ వానల్లో 11 కుండలు కిల్న్‌లో (కుండలు కాల్చే బట్టీలో) పెడితే 5 పేలిపోయాయి. పైకి ఆరినట్టే ఉన్నాయి, లోపల తడి ఉంది. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను. తర్వాత బెన్సన్ టౌన్ పక్కన కుమ్మరులుండే పాటరీ టౌన్‌కు వెళ్తే, అక్కడ ఒక పెద్దాయన కుండను చెంపకు ఆనించి చూడమన్నారు: చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. ఇప్పుడు ప్రతి కుండనూ అలాగే చూస్తాను, పైగా కిల్న్‌ను 100 డిగ్రీల లోపే రాత్రంతా ఉంచి, ఆ తర్వాతే వేడి పెంచుతాను. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ (ఇసుకలో ఉండే ఖనిజం) ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది కాబట్టి అక్కడ కూడా తొందరపడను, చల్లారేటప్పుడైనా అంతే.

స్కూల్లో ఇదంతా పాఠమైంది. పచ్చిమట్టి పలక మీద 10 సెంటీమీటర్ల గీత గీయించాను. ఆరాక 9.4, కాల్చాక 9.1. "మరి 20 సెంటీమీటర్ల కుండ కావాలంటే ఎంత ఎత్తు చెయ్యాలి?" అంటే చాలామంది 20కి 9 శాతం కలిపి 21.8 అన్నారు. దాంట్లోంచి 9 శాతం తీసి చూడమన్నాను, 19.84 దగ్గర ఆగారు. ఆ తర్వాత 20ని 0.91తో భాగించాలని ఒక అమ్మాయి తనంతట తానే కనిపెట్టింది. శాతాల పాఠంలో బోర్డు దగ్గర అంత నిశ్శబ్దం నేనెప్పుడూ చూడలేదు. ఇంకో బాబు నీళ్లు నింపిన కుండను తడిమి "మిస్, దీనికి చెమట పడుతోంది" అన్నాడు, బాష్పీభవనం పాఠం అక్కణ్నుంచే మొదలుపెట్టాను.

జాగ్రత్తలు రెండు. మట్టి చేతులు కడిగిన నీళ్లు తోటకు పోయొచ్చు, కానీ గ్లేజ్ గిన్నెలు కడిగినవి ఒక్క చుక్క కూడా వద్దు, వాటిలో రాగి, మాంగనీస్ లాంటివి ఉంటాయి. పొడి మట్టిని చీపురుతో ఊడ్చకండి, సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, తడిగుడ్డతో తుడవాలి, పిల్లలు ఉన్నచోట మరీనూ.

ఇప్పుడున్న ఇబ్బంది బోరు నీళ్లు. రెండు నెలలకే కుండ అంచుల్లో తెల్లటి పొర కట్టి నీరు ఊరడం మందగించింది. రెండు కుండలు బయటికి తీసి, వెనిగర్ కలిపిన నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి కొబ్బరిపీచుతో రుద్దితే ఒకటి బాగైంది, రెండోది కాలేదు. దాన్ని పొడి కొట్టి శనివారం కోసం కలిపిన ఆరు కిలోల మట్టిలో వేసేశాను, పైన తడి గోనెపట్టా కప్పి ఉంచాను.